అటక మీద కాగితపు పొట్టు

మేం నేపర్‌విల్‌లో ఇల్లు కొన్న మొదటి చలికాలం హీటర్ ఆగకుండా తిరిగేది, అయినా ఇంట్లో స్వెట్టర్ విప్పేవాళ్ళం కాదు. డెబ్భైల చివరి మాట అది. మంచు పడిన మర్నాడు వీధిలో అందరి కప్పుల మీదా తెల్లగా నిలిచి ఉంటే, మా కప్పు మీద మాత్రం మధ్యాహ్నానికి కరిగి కారిపోయేది. లోపలి వేడంతా పైకి పోతోందని మావారు తేల్చారు. మరుసటి అక్టోబరులో అటక మీద సెల్యులోజ్ ఊదుదామన్నారు.

సెల్యులోజ్ అంటే పాత న్యూస్‌పేపర్ల పొట్టు. తొందరగా అంటుకోకుండా దానిలో బోరిక్ పౌడర్ లాంటిది కలుపుతారు. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరే అనేసరికి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. హార్డ్‌వేర్ షాపు నుంచి మెషీన్ అద్దెకు తెచ్చారు. నేను గరాజ్‌లో నిలబడి బస్తాలు కోసి, అదిమి కట్టిన బూడిదరంగు ముద్దల్ని చిదిపి మెషీన్‌లో వేస్తుంటే, ఆయన పొడవాటి గొట్టం పట్టుకుని అటకంతా ఊదారు. సాయంత్రానికి పైన అడుగు మందాన పొట్టు పరుచుకుంది. నా జడలోనూ, కనురెప్పల మీదా అదే. అక్కడక్కడా చిన్న ముక్కల మీద అక్షరాలు కూడా కనిపించేవి.

నన్ను భయపెట్టింది ఒక్కటే. వంటింటి సీలింగ్‌లోకి నాలుగు లైట్లు దూర్చి బిగించి ఉన్నాయి. వాటి వెనక భాగం అటకలోకి పొడుచుకు వచ్చి ఉంటుంది. బల్బు వెలిగితే అది వేడెక్కుతుంది. పొట్టు దానికి తగలకుండా ఒక్కో లైటు చుట్టూ రేకు చట్రం నిలబెట్టాలి.

“అన్నిటికీ పెట్టారా?” అని అడిగాను.

“పెట్టాననే కదా చెప్తున్నాను. ఎందుకంత టెన్షన్ నీకు?”

నేను కాలిన గాయాల వార్డులో నర్సుని. ఎందుకో ఆయనకు తెలుసు.

కొన్నాళ్ళకే స్టవ్ పైన ఉన్న లైటు వెలగడం మానేసింది. “బల్బు పోయింది, నేను మారుస్తాలే” అన్నారు. నవంబరు గడిచినా మార్చలేదు. డిసెంబరులో ఒక శనివారం ప్రేయర్ మీటింగ్ మా ఇంట్లో పడింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తెలుగు కుటుంబాలన్నీ వస్తాయి, వారమంతా వంట పనే. ఆ చీకట్లో ఉల్లిపాయలు ఎర్రబడ్డాయో మాడాయో తెలిసేది కాదు. ఆ వారం ఆయన ఆఫీస్ పని మీద వేరే ఊరు వెళ్ళి ఉన్నారు. సోమవారం నేనే కుర్చీ ఎక్కి వంద వాట్ల బల్బు బిగించాను. చక్కగా వెలిగింది. మూడు రోజులు దాని కిందే వండుకున్నాను. ఏదో మాడిన వాసన వస్తే స్టవ్ మీద నూనె పొంగిందనుకుని తుడిచాను.

గురువారం వార్డులో ఒకాయనకు కట్లు మార్చి బయటికి వచ్చాను. ఆయన భార్య కారిడార్‌లో కూర్చుని ఉంది. ఎలా జరిగిందని అడిగాను.

“అటకలో లైటు మీద కాగితం ఇన్సులేషన్ పడింది. రెండు రోజులు లోలోపలే రగిలిందట. మంట లేదు, వాసన ఒక్కటే. ఈయన పైకెక్కి దాన్ని కదిలించగానే గాలి తగిలి అంటుకుంది” అంది.

ఆ పొద్దున చీకట్లో టీ పెట్టుకున్న సంగతి గుర్తొచ్చింది. స్టవ్ పైన లైటు ఆర్పానా? ఎంత ఆలోచించినా స్విచ్ మీద నా చెయ్యి కనిపించలేదు. ఇంట్లో అర్జెంట్ అని హెడ్ నర్సుకి చెప్పి, యూనిఫామ్ మీదే కోటు వేసుకుని కారెక్కాను. రోడ్డంతా మంచు. వేగంగా పోతే జారుతుంది, మెల్లగా పోతే ప్రాణం నిలవదు. ప్రతి మలుపు దగ్గరా మా వీధి వైపు ఆకాశంలో పొగ ఉందేమోనని చూశాను. ఆయన అన్నిటికీ చట్రాలు పెట్టానన్నారు కదా అని నాకు నేనే పైకి చెప్పుకున్నాను.

తలుపు తీయగానే వాసన. లైటు వెలుగుతూనే ఉంది. ఆర్పి, కుర్చీ ఎక్కి సీలింగ్‌కి అరచెయ్యి ఆనించాను. జ్వరమొచ్చిన బిడ్డ నుదురులా ఉంది. నిచ్చెన తెచ్చి అటక మూత కింద వేసి రెండు మెట్లు ఎక్కాను. కారిడార్‌లో ఆవిడ చెప్పింది గుర్తొచ్చి చెయ్యి ముందుకు రాలేదు. దిగి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేశాను.

ఫైర్ ఇంజన్ వచ్చింది, ఇద్దరు అటక పైకెక్కారు. మంచులో నిలబడి నేను బైబిల్లో ఒక్క వాక్యం గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ రాలేదు. కాసేపటికి వాళ్ళలో పెద్దాయన బకెట్‌తో బయటికి వచ్చి, దానిలో ఉన్నది మంచులో కుమ్మరించాడు. నల్లబడిన పొట్టు చుయ్‌మంది, సన్నగా ఆవిరి లేచింది.

“టైమ్‌కి పిలిచారమ్మా. మూడు లైట్లకి రేకులున్నాయి. దీనికి లేదు” అన్నాడు.

“మావారు అన్నిటికీ పెట్టారు” అన్నాను. అతను ఖాళీ బకెట్ తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

అప్పుడే ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీ వచ్చి ఫైర్ ఇంజన్ వెనకాల ఆగింది. మావారు సూట్‌కేసు రోడ్డు మీదే వదిలేసి పరుగెత్తుకొచ్చారు. నన్ను, ఇంటిని, మంచులో ఆ నల్లటి కుప్పని చూసి ఆయన అడిగిన మొదటి మాట: “ఆ బల్బు ఎవరు పెట్టారు?”

నాకు వెంటనే అర్థమైంది.

“నేనే పెట్టాను. మీరు తీశారా?”

మెట్ల మీద కూలబడ్డారు. “బల్బు పోలేదు. పొట్టు ఊదిన మర్నాడు చూస్తే గరాజ్‌లో ఒక చట్రం మిగిలి ఉంది. మళ్ళీ ఎక్కుదామంటే పొట్టు కింద దూలాలు కనపడవు. అడుగు తప్పితే కాలు సీలింగ్‌లోంచి దిగిపోతుంది. బల్బు తీసేస్తే చాలనుకున్నా.”

“నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయేది?”

“చెప్తే నువ్వు నిద్రపోవనుకున్నా.”

“ఇప్పుడు నిద్రపోతానా?”

ఆ రెండు రోజులూ మా మధ్య అన్నం, నీళ్ళు అన్న మాటలు తప్ప మరో మాట లేదు. శుక్రవారం ఆయన సెలవు పెట్టి, పలకలు వేసుకుని పాకుతూ వెళ్ళి నాలుగో చట్రం బిగించారు. మూత దగ్గర టార్చి నేనే పట్టుకున్నాను.

శనివారం మీటింగ్‌లో పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవారెవరైనా ఉన్నారా అని పాస్టర్‌గారు అడిగితే ఆయన లేచారు. దేవుడు మా ఇల్లు కాపాడాడని చెప్పి కూర్చుంటారేమో, అందరూ స్తోత్రం అంటారేమో, ఇక ఆ సంగతి అక్కడితో కప్పబడిపోతుందేమో అనుకున్నాను. మొదట ఆయన మొదలుపెట్టింది అలాగే. మధ్యలో ఆగి, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

“మా మిసెస్‌కి నేను అబద్ధం చెప్పాను. నా అబద్ధం కిందే తను మూడు రోజులు వంట చేసింది” అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి పులిహోర గిన్నె మూత తీసి ఊరికే కలుపుతూ నిలబడ్డాను. కాసేపటికి ఆయన వచ్చి పక్కన ప్లేట్లు సర్దడం మొదలుపెట్టారు. ఆయన్ని పొమ్మనలేదు.

ఆ చలికాలమంతా రోజుకోసారి కుర్చీ ఎక్కి సీలింగ్‌కి చెయ్యి ఆనించి చూసేదాన్ని. ఆయన వచ్చి కుర్చీ పట్టుకునేవారు, ఎందుకని అడిగేవారు కాదు. ఇల్లు మాత్రం వెచ్చగా ఉండేది. మార్చిలో ఎప్పుడో చూడడం మానేశాను. ఏ రోజు మానేశానో గుర్తు లేదు.