కొట్టం అవతల చిన్నమ్మ

ఆ ఉదయం మా వాకిట్లో బండల మీద తడి పాదాల గుర్తులు కనిపించాయి. మా ఊరి నుంచి తొలి బస్సుకు వచ్చిన జీతగాడు మల్లయ్య నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. నేను బయటికి వచ్చేసరికి ఆ గుర్తులు సగం ఆరిపోయాయి. ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు.

"మీ చిన్నమ్మ పోయింది బిడ్డా. కామెర్లు ముదిరినయి. దవాఖానకు తోల్కవోదమని బండి గట్టినం గని, అందలేదు."

చిన్నమ్మ అంటే మా కాక, బాపు తమ్ముడి భార్య. నల్లగొండలో నేను చిన్న తరగతులకు పాఠాలు చెబుతాను. ఆ రోజు బడికి సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. పదకొండో రోజు కూడా గడిచింది కనుక ఇప్పుడు ఆమెను గురించి రాయగలుగుతున్నాను. రాయడం నాకు మొదటి నుంచీ సులువే. మాట్లాడటమే కష్టం. అది నాకు ఒక వారంలో నేర్పిన మనిషి ఆమె.

మాది మర్రిగూడకు అవతల మెట్ట ఊరు. ఆముదం, జొన్న, కంది తప్ప మరొకటి పండేది కాదు. మా బడిలో నాలుగో తరగతి వరకే ఉండేది. నాకు నాలుగు పూర్తయిన వేసవి చివర బాపు నల్లగొండ కాన్వెంటులో సీటు అడిగి వచ్చాడు. వచ్చే సోమవారం పిల్లను తీసుకురండి, ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగి చూస్తాం అన్నారట సిస్టర్లు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. పుస్తకంలో ఉన్నదంతా నాకు వచ్చు. ఎవరైనా అడిగితే మాత్రం గొంతు పెగిలేది కాదు.

బాపుకు ఆ సంగతి తెలుసు. సద్ది తింటూ అవ్వతో అన్నాడు.

"గీ పిల్ల ఇంట్ల మనకే జవాబియ్యదు. ఆడ పరాయోళ్లకేమిస్తది? ఒక్కసారి తోల్కవోత. నోరు తెరవకుంటే ఇంటికాడనే ఉంటది, ఇంకోపారి నన్నడగొద్దు."

మా ఇంట్లో చిన్న కోడలు బావగారితో నేరుగా మాట్లాడదు. చిన్నమ్మ తలుపు వెనక నుంచి అవ్వతో అన్నట్టుగా, బాపుకు వినపడేట్టుగా అంది.

"అత్తమ్మా, సోమారం దాక ఈ పిల్లను నాకిడిసిపెట్టుమనుండ్రి."

"నీకొక్కదాన్నే ఎందుకు? అందర్ని పట్టుకో. పంతులు లేకపాయె, ఇంట్ల జాగ లేకుంట తిరుగుతున్నరు," అంది అవ్వ.

నిజమే. బడి తెరిచే వారమది. పాత పంతులు బదిలీ మీద వెళ్లిపోయాడు, కొత్తాయన ఇంకా రాలేదు. తొలకరి పడింది కనుక పెద్దవాళ్లంతా చేలల్లో ఉన్నారు. వంటకూ, విత్తనానికి ఆముదపు కాయలు కొట్టడానికీ చిన్నమ్మను ఇంటి దగ్గర ఉంచారు. ఆమె చేతిలో మేం ఐదుగురం పడ్డాం. మూడో తరగతికి వచ్చిన పెద్దబాపు కొడుకు, రెండుకు వచ్చిన మా తమ్ముడు, ఒకటిలో పడ్డ పెద్దబాపు బిడ్డ, ఇంకా పలక పట్టని మా చెల్లె, నేను.

మొదటి రోజు అందరినీ వసారాలో కూర్చోబెట్టి చిన్నమ్మ చెప్పింది.

"ఐదుగురికి ఐదు పాఠాలు చెప్పనీకి నాకు తీరదు. ఒక్కటే పాఠం. ఎవరికి అందినంత వాళ్లు తీస్కోండ్రి. చెప్పేది అక్క. నేను కాయలు కొట్టుకుంట ఇంటుంట."

పాఠం కృష్ణానది. పశ్చిమ కనుమల్లో పుట్టి, పాలమూరు జిల్లాలోకి వచ్చి, అలంపురం దాటాక తుంగభద్రను కలుపుకొని మన జిల్లా అంచున పారుతుంది. ఇదంతా మూడో తరగతి వాడు అప్పజెప్పాలి. తమ్ముడు ఊళ్ల పేర్లు చెప్పాలి. ఒకటో తరగతి పిల్ల 'కృ' రాయాలి. చెల్లె పొయ్యి బూడిదలో వేలితో నదిని గీయాలి. నేను నలుగురికీ నాలుగు తీర్లుగా చెప్పాలి.

నేను మొదలుపెట్టాను. గడప దగ్గర కూర్చున్న చిన్నమ్మ తల ఎత్తకుండా అంది.

"నాకు ఇనవడ్తలే."

కొంచెం గట్టిగా చెప్పాను. అప్పుడు ఆమె కాయల గంప తీసుకుని వాకిట్లోకి వెళ్లి కూర్చుంది. అక్కడి నుంచి మళ్లీ అదే మాట. మర్నాడు బావి గిలక దగ్గర కూర్చుంది. ఆ తర్వాత పశువుల కొట్టం అవతలికి పోయింది. అక్కడ కూర్చుంటే ఆమె మాకు కనిపించేది కాదు. రోకలి చప్పుడు మాత్రం వచ్చేది. నేను పాఠం చెబుతుంటే చప్పుడు ఆగేది.

"ఇనవడ్తలే!"

మూడో తరగతి వాడు పడి పడి నవ్వాడు. "చిన్నమ్మా, అక్క చెప్పేది అక్కకే ఇనవడ్తలేదు."

నేను లేచి ఇంట్లోకి పోయి జొన్న గుమ్మి వెనక కూర్చుని ఏడ్చాను. చిన్నమ్మ ఓదార్చడానికి రాలేదు. కొంచెంసేపటికి చెల్లె వచ్చి నా లంగా గుంజింది. చేతులనిండా బూడిద.

"అక్కా, చిన్నమ్మ అడుగుతున్నది. అలంపురం కాడ రెండు నదులు కలిస్తె పేరు ఎవరిదుంటదట? నాకు తెల్వదన్న. నిన్ను చెప్పుమన్నది."

దానికి చెబితే అది పోయి చిన్నమ్మకు చెప్పింది. మళ్లీ ఇంకో ప్రశ్న మోసుకొచ్చింది. మూడోసారికి దాని కాళ్లు నొచ్చాయి. "నువ్వే చెప్పరాదు, గీడికెల్లి ఒర్లు," అని అక్కడే చతికిలబడింది. నేను ఇంట్లో నుంచే అరిచాను. రోకలి చప్పుడు ఆగింది. ఈసారి అవతలి నుంచి 'ఇనవడ్తలే' రాలేదు. మళ్లీ చప్పుడు మొదలైంది.

ఆ వారమంతా కృష్ణ పాఠం మారలేదు. కాక అప్పుడు నందికొండ దగ్గర అదే నది మీద కడుతున్న ఆనకట్ట పనిలో ఉన్నాడు. చిన్నమ్మ పుట్టిల్లు పాలమూరు వైపు. ఆ నది ఆమెకెందుకంత ఇష్టమో చాలా ఏళ్ల తర్వాత గాని నాకు తట్టలేదు. శనివారం అవ్వ చేను నుంచి వస్తూ అంది, "నీ గొంతు చెల్క దాక వస్తున్నదే. ఎడ్లు బెదురుతున్నయి." అవ్వ ఎవరినీ అంతకు మించి మెచ్చుకోగా నేను వినలేదు.

సోమవారం కాన్వెంటు వరండాలో పెద్ద బల్ల అవతల తెల్లబట్టల్లో సిస్టర్ కూర్చుంది. బాపు గోడకు ఆనుకుని తువ్వాల నలుపుతున్నాడు. సిస్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "మీ జిల్లాలో ఏ నది ఉంది?"

నేను లేచి నిలబడి కొట్టం అవతలికి చెప్పినట్టు చెప్పాను. పక్క గదిలోంచి ఇద్దరు సిస్టర్లు బయటికి వచ్చి చూశారు. నేను ఆపలేదు. మూడో తరగతి జవాబు అయ్యాక, అలవాటు కొద్దీ రెండో తరగతి జవాబు చెప్పాను. తర్వాత ఒకటిది. చివరికి బల్ల మీది దుమ్ములో వేలితో చెల్లె కోసం గీసే గీత కూడా గీసి, కొండ ఎక్కడో సముద్రం ఎక్కడో చూపించాను.

సిస్టర్ నవ్వు ఆపుకుంది. "నెమ్మదిగా చెప్పమ్మా. నేను ఇక్కడే ఉన్నాను. ఇలా ఎవరు నేర్పారు?"

"మా చిన్నమ్మ," అన్నాను. అది కూడా గట్టిగానే అన్నాను.

ఆమె రెండో ప్రశ్న అడగలేదు. బాపు వైపు తిరిగి, హాస్టలుకు పిల్ల పరుపు, పెట్టె ఎప్పుడు తెస్తారని అడిగింది. బాపుకు ఒక నిమిషం అర్థం కాలేదు.

కొత్త పంతులు వచ్చాక కూడా పొద్దుగూకే ముందు ఆ వసారాలో ఒక్క పాఠం బడి నడుస్తూనే ఉండేది. పక్కిళ్ల పిల్లలూ వచ్చి చేరారు. నా తర్వాత మా ఇంటి ఆడపిల్లలిద్దరూ అదే కాన్వెంటుకు వచ్చారు. వాళ్లనడిగితే, రోకలి చప్పుడు ఆగితే ఇప్పటికీ గొంతు పెంచబుద్ధవుతుందంటారు. నేను నా తరగతిలో అన్నిటికన్నా చివర కూర్చున్న పిల్లకు చెబుతాను. ముందు వరసవాళ్లకు ఎలాగూ వినిపిస్తుంది.

ఆ సోమవారం సాయంత్రం బస్సు దిగి బాపు, నేను బాట వెంట నడిచి వస్తున్నాం. ఊరి మలుపు రాగానే నాకు ఇల్లు కనిపించింది. నేను ఆగలేక అక్కడి నుంచే అరిచాను, "చిన్నమ్మా, సీటిచ్చిండ్రు!" చేలల్లో విత్తనం వేస్తున్న ఆడవాళ్లు నడుములు ఎత్తి చూశారు. బాపు వద్దనలేదు. నవ్వుతున్నాడు.

చిన్నమ్మ వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కొంగు నడుముకు చెక్కుకుంది, చీర నిండా ఆముదపు పొట్టు. వెనక నలుగురు పిల్లలు. అరుగు మీద నుంచి అవ్వ ఆగుమని కేకలేస్తూనే ఉంది. బాటకు అడ్డంగా ఎవరిదో బండి విప్పి వదిలి ఉంది. చుట్టూ తిరిగి రావడానికి చోటు ఉంది. చిన్నమ్మ తిరిగి రాలేదు. రెండు చేతులతో చీర కుచ్చిళ్లు పైకి పట్టి, బండి నొగ మీది నుంచి ఎగిరి దూకింది.

అప్పుడు ఆమెకు పదిహేడేళ్లు.