మగ్గం మీది గచ్చు

పెనుకొండ హజరత్‌వలి గచ్చు వేసే మనిషి. సున్నం, ఇటుక ముక్కలు కలిపి మిద్దె మీద పరిచి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు చల్లుతూ చెక్కలతో కొట్టించేవాడు. ఆడవాళ్ళు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వరసగా కూర్చుని, కొడుతూ వెనక్కి జరిగేవారు. వరసలో ముందు ఆయన భార్య ఖైరున్‌బీ. గచ్చు గట్టిపడి కొట్టిన చెక్క ఎగిరి పడేదాకా ఎవరినీ లేవనిచ్చేది కాదు.

ఆమె పోయింది. సిమెంటు వచ్చింది. వరసలోవాళ్ళు హిందూపురం ఫ్యాక్టరీలకు పోయారు.

ఎనభై మూడు ఎండాకాలంలో గచ్చు వేయమని ధర్మవరం నుంచి ఎర్రిస్వామి వచ్చాడు. పట్టుచీరలు నేస్తాడు. కొత్త కాంక్రీటు ఇల్లు మొదటి వానకే కారి, మగ్గం మీది పట్టు రంగు దిగిపోయింది. పైన సిమెంటు పూయిస్తే అదీ పగిలింది. ఇంకోసారి తడిస్తే షావుకారు పట్టు ఇవ్వడు, నేత ఆగిపోతుంది.

హజరత్‌వలి మనుషుల కోసం తిరిగాడు. పాతవాళ్ళలో ఉలిగమ్మ ఒక్కతే ఊళ్ళో ఉంది. ముడుచుకోని వేళ్ళు చూపించి, “ఇంగ ఎవరి పక్కన కూచోమంటావు వలన్నా?” అంది.

ఒక్కడే ధర్మవరం పోయాడు. చేతులు పాత అలవాటున వరసకు సరిపడా గచ్చు కలిపేశాయి, మిద్దెంతా పరిచాడు. ఒక పక్క కొడుతుండగానే ఇంకో పక్క ఎండకు ఆరిపోయింది. చెక్క తగిలితే పొడి రాలింది. అదంతా గీకి కిందికి మోసుకుపోయి పారబోశాడు.

మరునాడు లోపల మగ్గం మేర తాడుతో కొలుచుకొచ్చి, మిద్దె మీద అంతే గీత గీశాడు.

“దీని మీద మటుకే వేస్తా. మిగతాది కారుతాది.”

“మేం యాడ పండుకోవల్లన్నా?” అంది ఎర్రిస్వామి భార్య లక్ష్మక్క.

“మగ్గం పక్కన.”

కొట్టడం మొదలుపెట్టాక చూసుకుంటే, ఎడమ పక్కన మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. జరిగి ఆ చోటూ తనే కొట్టాడు. చెక్క ఎగిరేదాకా కొట్టి, నీళ్ళు నిలవకుండా అంచులు వాలుగా దించాడు. రోజూ తడుపుతూ, వాన వచ్చేదాకా అక్కడే ఉండిపోయాడు.

వాన రాగానే ఇల్లంతా గిన్నెలు పెట్టారు. మగ్గం మీద చుక్క పడలేదు. ఎర్రిస్వామి నేతకు కూర్చున్నాడు.

వచ్చే ఎండాకాలం మిగతా మిద్దె కూడా వేసిపొమ్మని లక్ష్మక్క అడిగింది.

“ఒక్కడి పని ఇంతేనమ్మా,” అని హజరత్‌వలి పెనుకొండ రైలుకు బయల్దేరాడు.