చెవుల మేస్త్రి అనుమానాల వేసవి

ఆ పొద్దున పెదనాన్న పాల ప్యాకెట్టు కత్తిరించి గిన్నెలో పోశాడు. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"బాగానే ఉన్నాయి," అన్నాడు.

"బాగుంటే పొయ్యి మీద పెట్టక ఇంకా ఏం చూస్తున్నారు?" అంది పెద్దమ్మ.

"అదే నా అనుమానం. నిన్నా బాగున్నాయి, ఇవాళా బాగున్నాయి."

పెద్దమ్మ ఆయన చేతిలోంచి గిన్నె లాక్కుంది. ఆయన వెళ్ళి కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. పాలు పొంగేలోగా పోయాడు. గుండె అన్నాడు డాక్టరు. ఆ పాలు ఏం చెయ్యాలో తోచక పెద్దమ్మ సాయంత్రం దాకా మూత పెట్టి ఉంచింది.

అప్పుడే వేసవి అయిపోయి వానలు మొదలయ్యాయి. మా ఇంటికి అంత కలిసొచ్చిన వేసవి అంతకుముందు లేదు. ఆయన మాత్రం దాన్ని మొదటి రోజు నుంచీ నమ్మలేదు.

పెదనాన్న లిఫ్టు మేస్త్రి. ఆగిపోయిన లిఫ్టు దగ్గరికి వెళ్తే ముందు సంచీ తెరిచేవాడు కాదు. తలుపుకి చెవి ఆనించి నిలబడేవాడు. పైన చక్రం అరిగిందో, తాడులో పోగు తెగిందో అక్కడి నుంచే చెప్పేవాడు. తోటి పనివాళ్ళు ఆయనకి చెవుల మేస్త్రి అని పేరు పెట్టారు. ఇంట్లోనూ అదే అలవాటు. ఫ్రిజ్‌కి చెవి పెట్టేవాడు, నీళ్ళ కుళాయికి చెవి పెట్టేవాడు. ఫోన్లో అవతలి మనిషి బాగున్నామంటే, ఫోన్ పెట్టేశాక, "బాగున్నాం అనే ముందు కాస్త ఆగాడు, విన్నావా?" అనేవాడు.

మా నాన్న ఆయన తమ్ముడు. మేం పై వాటాలో, వాళ్ళు కింది వాటాలో. నేను పైన పడుకునేదాన్ని, కింద తినేదాన్ని.

ఆ వేసవి మొదట్లో, వేరే ఊళ్ళో ఉండే పెదనాన్న కొడుక్కి, మా అన్నయ్యకి, పాప పుట్టింది. అందరం వెళ్ళి, తిని, పాపని ఎత్తుకుని, ఫొటోలు దిగి వచ్చాం. ఆ వారమే పెద్దమ్మ కొన్న మిక్సీతో ఇచ్చిన కూపనుకి లాటరీ తగిలింది. బహుమతి, అయిదుగురికి వ్యానులో కొండ మీదికి ప్రయాణం, హోటల్లో బస. ఆ సంతోషం ఇంకా చల్లారకముందే, పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోయే అక్క, పెదనాన్న కూతురు, తనే వచ్చి వీధి చివర మందుల షాపు అతన్ని చేసుకుంటానంది.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. పెదనాన్న కణత నొక్కుకున్నాడు.

"లిఫ్టు పైకి వెళ్తోందంటే అవతల ఇనప దిమ్మలు కిందికి దిగుతున్నట్టే. మనకి కనబడవంతే. ఇన్ని మంచివి ఒక్కసారి పైకొస్తున్నాయి. కిందికి దిగేదేమిటో?"

"మీ నోరు. అదొక్కటి దిగితే చాలు," అంది పెద్దమ్మ.

ఆవిడ కోపానికి కారణం ఉంది. పెద్దమ్మకి కొండలు చూడాలని చిన్నప్పటి నుంచీ ఆశ. ఎప్పుడు బయలుదేరదామన్నా ఆయనకేదో అనుమానం వచ్చేది. బస్సు టైర్లు నున్నగా ఉన్నాయనేవాడు, డ్రైవరుకి నిద్ర చాలలేదనేవాడు, హోటలు గోడలు చెమ్మగా ఉంటాయనేవాడు. ఈసారి మాత్రం ఆవిడ ముందే చెప్పేసింది: "మీరు రాకపోయినా నేను వెళ్తా. కొత్తల్లుడు తీసుకెళ్తాడు."

పెళ్ళి ముందు, ప్రయాణం తర్వాత అని నిర్ణయమైంది. మందుల షాపు అతన్ని కూడా వస్తావా అని అడిగితే సంతోషంగా సరే అన్నాడు. పెళ్ళి హాలు చిన్నదన్నా సరే అన్నాడు, భోజనాలు మధ్యాహ్నమన్నా సరే అన్నాడు. పెదనాన్నకి అదే పట్టుకుంది.

"ఏమన్నా సరే అంటాడేమిటి? ఎక్కడా కిర్రుమనడు. చప్పుడు లేని లిఫ్టుని నేను నమ్మను."

"నూనె వేసి ఉంటారు నాన్నా," అంది అక్క.

అక్క నవ్వింది కానీ, ఆమెకీ ఒకటి అర్థం కావడం లేదని నాకు తెలుసు. ఆదివారం షాపు మూసి ఉంటుంది. అయినా ఆ రోజు అతను దొరకడు. ఫోన్ మోగుతుంది, ఎత్తడు. ఎక్కడికెళ్ళావంటే పని ఉందంటాడు. మందుల షాపు మూసేసి చేసే పనేమిటని పెద్దమ్మ కూడా ఒకసారి గొణిగింది.

ఒక ఆదివారం పెదనాన్న నన్ను పిలిచాడు. "చెప్పులేసుకో. నడుద్దాం."

అతని ఇంటికి ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చున్నాం. కాసేపటికి అతను భుజాన సంచీతో బయటికొచ్చాడు. అటూ ఇటూ చూశాడు.

"చూశావా? దొంగ చూపు."

"రోడ్డు దాటేటప్పుడు ఎవరైనా అలాగే చూస్తారు పెదనాన్నా."

"ఆ సంచీ చూడు. సంచీ ఎందుకు?"

వెనకాలే నడిచాం. అతను బస్టాండుకి వెళ్ళాడు. పళ్ళ బండి దగ్గర నిమ్మకాయ ఒకటి కొని జేబులో వేసుకుని, కొండ మీదికి వెళ్ళే బస్సెక్కాడు. ఆ కొండ మీది ఊళ్ళో అతనికి ఎవరూ లేరని అక్క అంతకుముందే చెప్పింది. ఇంకో ఇల్లుందా? ఇంకో సంసారముందా?

పెదనాన్న ఆ బస్సు బోర్డు వంక చూస్తూ నిలబడిపోయాడు. కండక్టరు రెండోసారి కేకేశాక, "నువ్వు ఇంటికెళ్ళు. ఎవరితోనూ అనకు," అని బస్సెక్కాడు.

సాయంత్రం తిరిగొచ్చాడు. మొహం కడుక్కుని, తల తడిపి దువ్వుకున్నట్టున్నాడు. వరండాలో కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. అక్క నా మొహం చూసి అప్పటికే అంతా రాబట్టేసింది. తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన ఏం చెప్తే అది అయిపోతుందన్నట్టుంది ఆమె నిలబడ్డ తీరు.

"ఏం లేదే," అన్నాడు. "కుర్రాడికి కొండ రోడ్డు పడదు. వాంతులు. ప్రయాణంలో మన ముందు పరువు పోతుందని వారం వారం బస్సులో పైకెళ్ళి కిందికొస్తున్నాడు. అలవాటు చేసుకుంటున్నాడట. సంచీలో వేరే చొక్కా."

అక్క అలాగే గడప మీద కూర్చుండిపోయింది. ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది.

"అన్ని మందులు పెట్టుకుని ఒక మాత్ర వేసుకోలేడా?" అంది పెద్దమ్మ.

"అడిగాను. మాత్ర వేసుకుంటే నిద్రొస్తుందట. నిద్రపోయేవాడికి కొండెందుకు అన్నాడు."

అక్కడితో అయిపోవాలి కదా. కానీ పై ఆదివారం పెదనాన్న మళ్ళీ చెప్పులేసుకున్నాడు.

"ఇంకా ఎక్కడికి?" అంది అక్క.

"నమ్మకం కుదరలేదు. నిమ్మకాయ జేబులో వేసుకుని వాంతులని ఎవడైనా చెప్పొచ్చు."

ఆ తర్వాతి ఆదివారమూ వెళ్ళాడు. ఒక్కటీ మానలేదు. ఇంటికొచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. "ఏం తేలింది?" అని పెద్దమ్మ అడిగితే, "తేలుతుంది," అనేవాడు. వీధిలో వాళ్ళకి తెలిసిపోయింది. మామగారు అల్లుడి వెనక బస్సుల్లో తిరుగుతున్నాడట అని షాపుకొచ్చిన వాళ్ళే అతనితో అన్నారు. అతను నవ్వి మందుల పొట్లం కట్టిచ్చాడట. అక్క మాత్రం ఊరుకోలేదు.

"నాన్నా, ఇంకొక్కసారి ఆయన వెనక వెళ్తే నా పెళ్ళికి నిన్ను పిలవను."

"పిలవకపోతే పెళ్ళికూతురి తండ్రెక్కడని అడుగుతారు."

"లిఫ్టులో ఇరుక్కున్నాడని చెప్తాను."

"నమ్మరు. నేను బాగుచేసిన లిఫ్టులో ఎవరూ ఇరుక్కోరు."

"ఆయనకి విసుగొచ్చి ఈ పెళ్ళి వద్దంటే ఏం చేస్తావు?"

పెదనాన్న ఏదో చెప్పబోయి ఆగాడు. "అనడు," అన్నాడు. ఆ ఆదివారమూ వెళ్ళాడు.

అక్క ఆయనతో మాట్లాడటం మానేసింది. పెళ్ళి ఆగిపోతుందేమోనని పెద్దమ్మకి నిద్ర పట్టేది కాదు. నాకు ఇంకో రకం భయం. ఆయన అనుమానం ఎప్పుడూ వట్టిది కాదు. లిఫ్టుల విషయంలో ఒక్కసారీ తప్పలేదు. అతని దగ్గర ఆయనకి ఏదో వినబడుతోందని, పెళ్ళి పీటల దాకా రానిచ్చి అప్పుడు బయటపెడతాడని అనుకునేదాన్ని.

ఏమీ బయటపడలేదు. పెళ్ళి జరిగింది. హాల్లో కరెంటు పోలేదు, వంట చాలింది, అన్నయ్య పాప ఏడవకుండా అందరి చేతులూ తిరిగింది. పెదనాన్న కొత్త చొక్కాలో స్తంభం పక్కన నిలబడి, వచ్చినవాళ్ళందరినీ లిఫ్టులో లెక్కకి మించి ఎక్కించిన సామానుని చూసినట్టు చూశాడు. ఫొటో దగ్గర అక్క, "ఇక్కడైనా ఎవరికీ చెవి పెట్టకుండా నిలబడు," అంది. చాలా రోజుల తర్వాత ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. ఆయన తలూపాడు. బావ ఆయన పక్కకి జరిగి నిలబడ్డాడు. ఇన్ని జరిగినా ఆయనతో అంత చనువేమిటని అప్పుడు నాకు అతని మీద కూడా అనుమానం వచ్చింది.

తర్వాత ప్రయాణం. అక్కా బావా, పెద్దమ్మా పెదనాన్నా, నేనూ. పెదనాన్న డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

"ఎందుకక్కడ? వెనక చోటుంది కదా," అంది పెద్దమ్మ.

"ఇతని మీద ఒక కన్నుండాలి."

డ్రైవరు అద్దంలో మమ్మల్ని చూసి నిట్టూర్చాడు. కొండ మొదలైంది. మలుపు తర్వాత మలుపు. కింద మేం వచ్చిన దారి తాడులా చుట్టలు చుట్టుకుని కనబడింది. పెద్దమ్మ కిటికీకి నుదురు ఆనించింది. ఒకచోట రాళ్ళ మీంచి నీళ్ళు దూకుతుంటే చిన్నపిల్లలా కేక పెట్టింది.

"ఏమండీ, ఇటు చూడండి! ఒక్కసారి చూడండి!"

"నువ్వు చూడు. నేను రోడ్డు చూస్తున్నా." తల తిప్పలేదు.

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. అక్క పళ్ళు కొరికింది. బావ మాత్రం ముందుకి వంగి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, పైకి చేరేదాకా తియ్యలేదు. బావకి వాంతులు కాలేదు. హోటల్లో పెదనాన్న లిఫ్టుని ఒకసారి ఖాళీగా పైకి పంపి, చప్పుడు విని, ఆ తర్వాతే మమ్మల్ని ఎక్కనిచ్చాడు. మర్నాడు పొద్దున బాల్కనీలో మంచు విడిపోతుంటే పెద్దమ్మా ఆయనా పక్కపక్కన కూర్చుని కాఫీ తాగారు. "నచ్చిందా?" అంది పెద్దమ్మ. "బాగుంది. ఎందుకింత బాగుందో చూడాలి," అన్నాడు ఆయన. పెద్దమ్మ నవ్వుతూ ఆయన చేతిమీద కొట్టింది.

దిగి వచ్చాం. వానలు పడ్డాయి. ఆయన పోయాడు.

కొన్ని నెలలు పోయాక ఒక మధ్యాహ్నం అందరం కింద వాటాలో కూర్చున్నాం. మాటల్లో ఆ ఆదివారాల సంగతి వచ్చింది. "నాన్నకి చివరి దాకా నీ మీద నమ్మకం కుదరలేదు," అంది అక్క బావతో. కోపంగా కాదు, మామూలుగానే అంది. బావ గ్లాసు కింద పెట్టాడు.

"ఆయన నా వెనక రాలేదు. నాతో వచ్చాడు," అన్నాడు.

మొదటి రోజు మూడో మలుపులోనే పెదనాన్నకి కడుపులో తిప్పిందట. సంచీలో ఉన్న వేరే చొక్కా ఇంటికి తొడుక్కొచ్చింది ఆయనే, మేమెవరం గమనించలేదు. ఆయనకి కొండ రోడ్డు ఏనాడూ పడలేదు. రోజంతా మనుషుల్ని ఎక్కించి దించేవాడు కొండెక్కలేడంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. "అనుమానమంటే తిడతారు. వాంతులంటే నవ్వుతారు. తిట్లు నయం," అన్నాడట. ఎవరికీ చెప్పనని బావ చేత మాట తీసుకున్నాడు. ముందు సీట్లో కూర్చుని, తల తిప్పకుండా రోడ్డునే చూస్తే కడుపు కుదురుగా ఉంటుందని ఇద్దరూ కలిసి తిరిగి తిరిగి కనిపెట్టారు.

పెద్దమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులు తడిగా లేకపోయినా.

పెళ్ళయ్యాక, ప్రయాణానికి ముందు వచ్చిన ఆదివారం అక్క బావని కదలనివ్వలేదు. ఆ రోజు పెదనాన్న వ్యాను చూసొస్తానని వెళ్ళి సాయంత్రానికి వచ్చాడు. మేం నమ్మాం. ఆయన ఒక్కడే కొండ బస్సెక్కాడట. పైకెళ్ళి, అక్కడి బస్టాండు నుంచి బావకి ఫోన్ చేసి, "ఏమీ కాలేదు," అని మాత్రం చెప్పి పెట్టేశాడట.