షప్పీర పెద్దమ్మ లోపలికి వెళ్లలేదు

మా పెద్దమ్మ షప్పీర యెరూషలేము దాకా వెళ్లి, దేవాలయంలో అడుగు పెట్టకుండానే తిరిగొచ్చింది. అప్పటికామెకు పన్నెండేళ్లు.

గలిలయ కొండల్లోని మా ఊరి నుంచి ఏటా పస్కా పండగకు ఎక్కువగా మగవాళ్లే వెళ్లేవారు. ఆ ఏడు మా పెద్దతాత యోయేజెరు భార్యనీ, ఇద్దరు ఆడపిల్లల్నీ తీసుకెళ్తానన్నాడు. ఒకరు ఆయన కూతురు షప్పీర, ఇంకొకరు చనిపోయిన తమ్ముడి కూతురు తవీత. తవీత మా అమ్మ. ఇద్దరిదీ ఒకటే ఈడు.

ఐదు రోజుల నడక. యెరికో దాటాక ఎక్కుడు దారిలో అందరూ కీర్తనలు పాడుతుంటే షప్పీర గొంతే పైకి వినిపించేదట. ఒలీవల కొండ మీద డేరా వేశారు. లోయకు అవతల దేవాలయం తెల్లగా మెరుస్తోంది. పండగ గొర్రెపిల్లను గుడిలో వధించే రోజు పొద్దున్నే షప్పీర తల్లి దగ్గరికి పరుగెత్తింది.

“అమ్మా, నేను పెద్దమనిషినయ్యానే!” అంది నవ్వుతూ.

తల్లి యోహన నెత్తి కొట్టుకుంది. “ఓసి పిచ్చిదానా, ఇవాళే దొరికిందా నీకు?”

బయట తాడు పేనుతున్న యోయేజెరుకి ఆ మాట వినబడింది. “ఏడ్రోజులు మైల. గుడి వైపు రావద్దు, మాంసం ముట్టొద్దు. దాని వంతు పక్క డేరా వాళ్లకిచ్చెయ్.”

“ఏడ్రోజులయ్యాక వెళ్తాను నాన్నా. అప్పటిదాకా ఉందాం.”

“బార్లీ కోతకొచ్చింది. నీకోసం చేను ఆగుతుందా?”

అందరూ కొండ దిగి నగరంలోకి వెళ్లారు. షప్పీర డేరాలో ఉండిపోయింది. మూడో రోజు తిరుగు ప్రయాణం. గాడిదెక్కితే అదీ మైలపడుతుందని ఆమెను నడిపించారు. దారి పొడుగునా తవీత గుడి మెట్ల గురించి, అక్కడ పాడే లేవీయుల పాటల గురించి, వేళ్లకంటుకున్న కాల్చిన మాంసం కొవ్వు గురించి చెబుతూనే ఉంది. షప్పీర విసుక్కోలేదు. మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

మరుసటి ఏడే పెళ్లయింది. తర్వాత ప్రతి వసంతంలోనూ కడుపుతోనో, పురిటి మైలతోనో ఉండేది. ఏ మైలా లేని ఏడు అత్తగారు అడ్డం పడింది. “నువ్వెళ్తే మేకల్ని మీ అమ్మొచ్చి కాస్తుందా?”

ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. రోమా సైనికులు దేవాలయాన్ని తగలబెట్టారన్న కబురు ఊరికి చేరిన నాడు, మా రెండిళ్ల ఉమ్మడి వాకిట్లో పెద్దమ్మ పిండి పిసుకుతోంది. ఆమెను ఓదార్చాలనుకుందో ఏమో, మా అమ్మ ఆ మాట అనేసింది.

“బాధపడకే అక్కా. నేనూ ఆ రోజు మైలగానే ఉన్నాను. యెరికోలోనే మొదలైంది. గుడ్డ కట్టుకుని ఊరుకున్నా. అందరం తిన్నాం. మిన్ను విరిగి మీద పడలేదుగా?”

పెద్దమ్మ చేతులాగిపోయాయి. “ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదే?”

“చెప్తే నన్నూ డేరాలో కూర్చోబెట్టేవాళ్లు కదే!”

“అప్పుడు కాదు. తర్వాత. నేను నీ చేత అవన్నీ చెప్పించుకుంటున్నప్పుడు.”

పెద్దమ్మ పిండి చేతులతోనే లేచి వెళ్లిపోయింది. మధ్యలో ఒక్క గోడే అయినా, ఆ తర్వాత పదకొండేళ్లు మా ఇంటి నుంచి చిటికెడు ఉప్పు కూడా తీసుకోలేదు. వాకిట్లో నేనెదురైతే పలకరించేది. అమ్మ ఎదురైతే తలుపు వేసుకునేది.

అమ్మ పోయిన రోజు ఎవరూ పిలవకుండానే వచ్చింది. శవానికి స్నానం చేయించింది, జుట్టు దువ్వింది, నార గుడ్డ చుట్టింది. ఒక్క కన్నీటి బొట్టు రాలలేదు. పని అయ్యాక చేతులు కడుక్కుని, నా వైపైనా చూడకుండా వెళ్లిపోయింది.