ఏది మంచి కాలు

ముప్పై ఏళ్లకు పైగా మా రేవు నుంచి ఎదుటి లంకకు నావ నడిపాను. అరటి గెలలు, పశువుల మేత, పెళ్లివారు, ఒకసారి పురిటి నొప్పులు పడుతున్న మనిషి, అన్నిటినీ అందరినీ వెదురు గెడ వేసి దాటించాను. అలాంటి నాకు అరవై ఎనిమిదో ఏట పీట మీంచి లేవడం కష్టమైంది. కుడి మోకాలు పట్టేసింది. పొద్దున్నే లేచి పది అడుగులు వేసేదాకా అది నా కాలులా ఉండేది కాదు. మెట్లు దిగుతుంటే లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు.

ఆర్నెల్లు మా ఆవిడ ఉప్పు కాపడం పెట్టింది. నడవొద్దని మా అన్నయ్య, నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని మా వియ్యంకుడు, ఇద్దరూ గట్టిగానే చెప్పారు. ఒకరోజు నడిచేవాణ్ణి, మర్నాడు మానేసేవాణ్ణి. చివరికి అమలాపురంలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. నన్ను నిలబెట్టి రెండు మోకాళ్లకూ ఎక్స్‌రే తీయించారు. ఆయన ఫిల్ము వెలుగులో పెట్టి చూసి, ఎడమ మోకాలు బాగా అరిగిపోయిందన్నారు.

నొప్పి కుడి కాలికండీ అన్నాను. ఆయన మళ్లీ చూశారు. కుడిదీ అరిగింది గానీ కొంచెమే, ఎడమదే ఎక్కువ అన్నారు.

ఫిల్ములు మారిపోయాయనుకున్నాను. ఎక్స్‌రే గదికి వెళ్లి అడిగితే, అక్కడి అమ్మాయి విసుక్కోకుండా ఫిల్ము మూలనున్న నా పేరు, ఎడమకు గుర్తుగా వేసిన ఇంగ్లీషు అక్షరం చూపించింది. అనుమానం లేదు, నాదే. అన్నేళ్లూ ఎడమ కాలు నావ అంచుకు తన్నిపెట్టి, ఒంటి బరువంతా దాని మీదే మోపి గెడ తోసినవాణ్ణి. అరగడం అర్థమైంది. నొప్పి లేకపోవడమే అర్థం కాలేదు. మళ్లీ డాక్టరు గదిలోకి వెళ్లాను.

"ఫిల్ములో ఎముక కనపడుతుందండి, నొప్పి కనపడదండి," అన్నారాయన. "కొందరికి ఎంత అరిగినా నొప్పుండదు. కొందరికి కాస్త అరిగితేనే ఉంటుంది. ఎందుకంటారా, నేనూ సరిగ్గా చెప్పలేనండి."

అంత చదువుకున్నాయన చెప్పలేనన్నందుకు నాకు నమ్మకమూ కలిగింది, భయమూ వేసింది.

ఆపరేషను ఇప్పుడే అక్కర్లేదని, బరువు తగ్గి తొడ కండలు గట్టిపరచుకోమని, వ్యాయామం నేర్పే అమ్మాయి దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది లెక్కపెట్టేదాకా ఉంచమంది. రోజూ నడవమంది, మరీ నొప్పిగా ఉన్న రోజు తగ్గించమంది. అంటే అన్నయ్యా వియ్యంకుడూ చెరి సగం నిజం చెప్పారన్నమాట. కుడి మోకాలు నొప్పి కనక కర్ర ఎడమ చేత్తో పట్టుకోమంది.

రావులపాలెంలో కర్ర కొన్నాను. ఎడమ చేత్తో పట్టుకుని బయల్దేరితే దారిలో ఎవరో ఒకరు ఆపి, కర్ర నొప్పున్న వైపే పట్టుకోవాలని దిద్దేవారు. చెప్పీ చెప్పీ విసిగి, టీ కొట్టు కనపడగానే చెయ్యి మార్చేసేవాణ్ణి.

నాలుగు నెలలకు కుడి మోకాలు నెమ్మదించింది. పీట మానేసి కుర్చీలో కూర్చుని తింటున్నాను. ఈ వానాకాలం ఒక పొద్దున మాత్రం ఎడమ మోకాలు సలిపింది. ఫిల్ము నిజమే చెప్పిందని ఊరట పడాలో, రెండోదీ పోయిందని దిగులుపడాలో తెలియలేదు. మధ్యాహ్నానికి అది తగ్గింది. సాయంత్రానికి కుడిది మొదలుపెట్టింది.

మొన్న రేవులో స్నానానికి వెళ్లి పై మెట్టు మీదే ఆగిపోయాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు అని ఆ వ్యాయామం అమ్మాయి నేర్పింది. ఆ వేళ రెండూ ఊరుకున్నాయి. ఏది మంచిదో తేలలేదు. కింద బట్టలు జాడిస్తున్న మా ఆవిడ తలెత్తి చూసింది.

"ఏంటండీ, అలా నిలబడిపోయేరు?"

"ఏ కాలు వెయ్యాలో తెలీటం లేదే."

"నొప్పుందా?"

"లేదు."

"మరింకేంటండీ, రండి."

పక్కనున్న ఇనప కమ్మీ పట్టుకుని దిగాను. నీళ్లలోకి వచ్చాక, ముందు ఏ కాలు వేశానా అని ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.