రాక్షసుడి బొజ్జ మీదికి ఒక రాయి

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా అత్తగారు కదిలారు. చేతిసంచిలో మందుసీసా పెట్టుకుని, నాకంటే ముందే చోడవరంలో అనకాపల్లి బస్సుల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

ఆవిడకు కడుపునొప్పి. వానాకాలం నుంచీ అనకాపల్లి డాక్టరిచ్చిన ఎర్రమందు తాగితాగి విసిగిపోయారు. కనుమ నాడు శంకరం కొండ కింద రాక్షసుడి బొజ్జ మీద రాయి వేస్తే ఎవరి బొజ్జ బాధ వాళ్లకు తీరుతుందని పక్కింటావిడ చెప్పింది. అది బొజ్జ కాదు, బౌద్ధ సన్యాసులు తొలిపించుకున్న స్తూపం అని నేను పండగ పొడుగునా మొత్తుకున్నాను. కాలేజీలో చరిత్ర చదివిన కోడలి మాట కంటే పక్కింటావిడ మాటకే మా ఇంట్లో విలువెక్కువ.

అయినా బయల్దేరాను. ఆ కొండ మీద గుహలో రాతి బుద్ధుణ్ణి చూడాలని పెళ్లికి ముందు నుంచీ నా కోరిక. "రాళ్లు చూడ్డానికి బస్సెక్కాలా, మన పొలంగట్టు మీద లేవా?" అంటారు మావారు. రాళ్లు వెయ్యడానికైతే మాత్రం ఆయనకు అభ్యంతరం లేదు.

బస్సు నిండితే గాని కదలదు. ఆ రోజు నిండాక కూడా కదల్లేదు. "సర్దుకోండమ్మా, సర్దుకోండి" అని కండక్టరు ఇంకో నలుగుర్ని తోశాడు.

"ఇంకెక్కడికి సర్దుకునీది బాబూ? నీ ఒళ్లో కూకోమంటావేటి?" అన్నారు అత్తగారు. బస్సంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. కడుపు పట్టుకుని కిటికీ ఊచకు తల ఆనించారు.

అనకాపల్లిలో జట్కాలన్నీ నిండుగా పోతున్నాయి. నడిచాం. నాలుగడుగులు వెయ్యడం, ఆవిడ ఏ గట్టు మీదో కూలబడడం, ధూళి మింగుతూ నేను నిలబడడం. కొండ చేరేసరికి ఎండ వాలింది. పైకెక్కి దిగితే తిరుగు బస్సు అందదు. కింద నుంచే చూశాను, గుహ ద్వారం నల్లగా కనిపించింది. అంతే.

ఇవతల జనం, కేకలు, రాళ్లు. గుండ్రటి ఆ రాతి గుమ్మటం మీద రాయి పడ్డప్పుడల్లా నా పళ్లు జివ్వుమన్నాయి. అత్తగారు చతికిలబడి, నా చేతిలో ఒక రాయి పెట్టారు.

"నా సెయ్యి లెగట్లేదే. నువ్వెయ్యి."

"అది స్తూపం అత్తయ్యా. బుద్ధుడి వాళ్లది."

"అయితే బుద్ధుడి బొజ్జేనేటి?"

"బుద్ధుడికి బొజ్జేమిటండీ!"

"నాకుంది కదే," అన్నారు, చెమటలు కారుతున్న మొహంతో. "అందులో నొప్పుంది కదా. వాదించకెయ్యి."

వేశాను. కావాలనే పక్కకు వేశాను. రాయి గడ్డిలో పడింది.

"ఇంత సదువు సదివేవు, గురి నేదేటే నీకు?"

నా భుజం పట్టుకుని లేచి, ఇంకో రాయి తీసుకుని ఆవిడే విసిరారు. టంగుమంది. "అదీ!" అని మళ్లీ కూలబడి, నోములన్నీ పండినట్టు ఊపిరి పీల్చుకున్నారు.

తిరుగు బస్సులో చోటు దొరికింది గాని చక్రం మీది సీటు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఆవిడ తల నా భుజం మీద వాల్చారు. తగ్గలేదంటే వాదనలో నేను గెలిచినట్టే. అడగడానికి భయమేసింది. అడిగాను.

"నొప్పి తగ్గిందా అత్తయ్యా?"

కళ్లు తెరవకుండానే అన్నారు: "తగ్గినట్టే ఉందే. నువ్వు మాటాడకుండా ఉంటే ఇంకా తగ్గుద్ది."

చోడవరం వచ్చేదాకా నేను నోరు విప్పలేదు.