ఊదారంగు కోటుకు కప్పిన శాలువా

మొన్న ఆదివారం మా అమ్మాయి తన ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టి, పాతకాలపు ఆర్ అండ్ బి సంగీత బృందాలన్నీ కలిసి ఈ వేసవిలో డబ్లిన్‌లో కచేరీ చేస్తున్నాయట, వెళ్దామా అని తన ఐరిష్ యాసలో అడిగింది. ఆ తెరమీద ఊదారంగు కోట్లు, టోపీలు పెట్టుకున్న నలుగురు ముసలివాళ్ళు కనబడేసరికి తాగుతున్న టీ పొలమారింది. వయసు మీదపడింది కదా అంటుంది మా ఆవిడ. వయసు కాదు, ఇరవై ఏళ్ళకు పైబడిన భయం.

డబ్లిన్ శివారు టాలట్‌లో లువాస్ ట్రాము పట్టాలు ఇంకా వేస్తున్న రోజులవి. నాతోపాటు ఆ కాలంలో దిగినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, ఎటు చూసినా క్రేన్లే, పిలిచి మరీ ఉద్యోగాలిచ్చేవారు, కానీ భర్త పర్మిట్ మీద వచ్చిన భార్య మాత్రం పనిచెయ్యడానికి వీల్లేదు. మా ఆవిడ నర్సు. ఏలూరులో నలభై మంచాల వార్డును కంటిచూపుతో నడిపిన మనిషి, ఇక్కడ అద్దె ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని వాన చూసేది. మొదట వంట తగ్గింది, తర్వాత మాట తగ్గింది, చివరికి నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి లైటు కూడా వెయ్యకుండా పొద్దుటి కుర్చీలోనే ఉండేది.

ఆమెను నవ్వించడానికి నా దగ్గరున్న ఆస్తి ఒక్కటే, కోతలు. మా ఆఫీసు దగ్గర తిరిగే సీగల్ పక్షి నా క్యారియర్ విప్పి, పచ్చడి రుచి చూసి, నీళ్ళకోసం లిఫీ నదిదాకా ఎగిరిందని చెప్పినా పెదవి కదల్చలేదు. నర్సింగ్ హాస్టల్లో ఓ విదేశీ మేడం వదిలివెళ్ళిన క్యాసెట్‌లో ఈ ఊదారంగు బృందం పాటలుండేవని, యూనిఫారాలు ఇస్త్రీ చేసుకుంటూ అమ్మాయిలంతా అవే వినేవారని ఒకసారి తనే చెప్పింది. ఇంకేం, ఆ బృందం పెద్ద గాయకుడు లండన్ నుంచి వచ్చేటప్పుడు విమానంలో నా పక్క సీట్లోనే కూర్చున్నాడని, పూతరేకు ఇస్తే పైన చుట్టింది కాగితమనుకుని విప్పబోయాడని అల్లేశాను. నవ్వింది! హాస్టల్ స్నేహితురాళ్ళకు ఉత్తరాలు కూడా రాసింది. పర్మిట్ రూలు వచ్చే నెల మారిపోతుందన్న మాట కూడా ఆ ఊపులోనే అన్నాను.

వచ్చే నెలలు చాలా వచ్చాయి, రూలు మారలేదు. ఏలూరు మేట్రన్ నుంచి ఉత్తరం వచ్చింది, ఖాళీ ఉంది, వెంటనే వచ్చి చేరమని. సోమవారానికి టికెట్టు తీసుకుంది. పెట్టె హాల్లోకి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే బస్టాపులో పోస్టరు పడింది, శనివారం మధ్యాహ్నం ఊరి బయట పాత బంగళా మైదానంలో ఆ బృందం కచేరీ అని.

“మీ స్నేహితుడు వస్తున్నాడటగా, ఒక్కసారి పలకరించి వెళ్తాను,” అంది.

“చూద్దాంలే.”

“చూద్దాంలే కాదండీ. మీరు చెప్పినవాటిలో ఒక్కటైనా నిజమని నన్ను చూడనివ్వండి. ఆ రూలు సంగతి కూడా పూతరేకు కథేనేమో ఎవరికి తెలుసు!”

ఆలోచించి ఆలోచించి, మన బుద్ధి ఎక్కడికి పోతుంది, బీరువా తీసి, హెడ్మాస్టరుగా మా నాన్నగారు రిటైరైనప్పుడు కప్పిన శాలువా బయటికి లాగాను. మన సభల్లో శాలువా పట్టుకుని వేదిక ఎక్కేవాణ్ణి ఎవరైనా ఆపుతారా? ఇక్కడ పూలు కూడా అమ్మే పెట్రోలు బంకులో కార్నేషన్లు కొని దండ గుచ్చాను.

ఆ రోజు వాన గురించి చెబితే అదీ కోత అంటారు, ముందువరస కుర్చీలు నాలుగు వెనకవరసకు తేలి వచ్చాయి. ఐరిష్ పెద్దవాళ్ళు ప్లాస్టిక్ కోట్లలో ఊగిపోతూ, పాత ప్రేమలేవో గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంటున్నారు. మా ఆవిడ ఒక్కతే కదలకుండా నిలబడి ఉంది, నేనేం చేస్తానా అని. చివరిపాట మొదలవగానే కంచె దగ్గరికి పరిగెత్తాను. అక్కడి కాపలాదారు గ్రాండ్, గ్రాండ్ అని ఇక్కడి ధోరణిలో సరేసరే అంటూనే అంగుళం జరగలేదు. శాలువా కప్పనిదే మా దేశంలో కచేరీ ముగిసినట్టు కాదన్నాను, మా నాన్నగారి పేరు చెప్పాను, ఆఖరికి చేతులు జోడించి బతిమాలాను. ఆయన నా దండకేసి జాలిగా చూసి, స్టేజీ వెనక బస్సు దగ్గర ఐదు నిమిషాలు నిలబడమని నాకూ, నా వెనకే వచ్చిన మా ఆవిడకూ దారి వదిలాడు.

బస్సు పక్కన ఊదా కోటు, టోపీ! ఆలస్యం చెయ్యకుండా దండ వేసి, శాలువా కప్పి, గానగంధర్వా అని తెలుగులోనే ప్రసంగం దంచేశాను. ఆయన టోపీ ఎత్తి, థాంక్యూ బాయ్, పొద్దున్నే బాలింకాలిగ్ నుంచి బయల్దేరాను, తినడానికి ఏమైనా ఉందా అన్నాడు. బాలింకాలిగ్ అంటే ఐర్లండ్‌లోనే కార్క్ పక్క ఊరు, యాసా అచ్చం అక్కడిదే. చేతిలో బస్సు తాళాలు. వానకు తడవకుండా గాయకుడి కోటు తగిలించుకున్న డ్రైవరు!

నా కాళ్ళకింద బురద కూడా జారిపోయింది. అయినా నోరు ఊరుకోదుగా, విమానం, కాగితం మిఠాయి, గుర్తుందా సార్, మా ఆవిడ అని గడగడా వాగేశాను. ఆయన నన్ను చూశాడు, చలికి వణుకుతున్న ఆమెను చూశాడు, తాళాలు జేబులో వేసుకుని కోటుకు పై గుండీ పెట్టుకున్నాడు. ఆ ప్రయాణం ఎలా మర్చిపోతానమ్మా అని ఆమె చెయ్యి పట్టుకుని ఊపి, ఆ శాలువా తీసి ఆమె భుజాల చుట్టూ కప్పాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీవైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేను చచ్చిపోయాను. “బాలింకాలిగ్!” అంది కాసేపటికి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతూ. సోమవారం పొద్దున లేచేసరికి పెట్టె హాల్లో లేదు, అటక మీద ఉంది. రూలు మారింది, కాకపోతే ఏడాది తర్వాత. ఎందుకు ఆగిపోయావని చాలా ఏళ్ళకు అడిగితే, కంచె దగ్గర బతిమాలుతున్నప్పుడు మీ మొహం చూశాను, అదొక్కటే కోత కాదు అంది.

ఇదంతా తలుచుకుంటున్నానా, మా అమ్మాయి ఫోన్లో ఆ నలుగురి మొహాలూ పెద్దవి చేసి, డాడ్, చిన్నప్పటి నుంచీ చెప్తుంటారే, ఆ మీ విమానం ఫ్రెండ్ ఇందులో ఎవరు అని నిలదీసింది. ఆ రోజుల్లో ఒక అబద్ధం టాలట్ నుంచి ఏలూరు వెళ్ళడానికి పది రోజులు పట్టేది, అది తేలేలోపు మనిషికి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేది. ఇప్పుడు టీ చల్లారేలోపే నిజం వచ్చి ఒళ్ళో కూర్చుంటోంది. నేను కళ్ళజోడు వెతుక్కుంటుంటే, వంటింట్లో ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే అల్మారాలోంచి కప్పులు తీస్తున్న మా ఆవిడ వెనక్కి తిరక్కుండానే అంది:

“ఆ మధ్యలో ఆయనే. నాతో చెయ్యి కూడా కలిపాడు.”